బిడ్డల చదువునకై పోస్టాఫీసు పొదుపు

జనవరి మాసము వచ్చినంతనే మా ఉపాధ్యాయుల గదిలో ఫీజు రసీదులకై వెదకులాట మొదలగుట చిరకాలపు ఆచారము. బిడ్డల బోధనా రుసుము, జీవిత బీమా, భవిష్యనిధి మున్నగువానిని కలిపి యేటికి 1,50,000 రూపాయలవరకు ఆదాయమునుండి తగ్గించి పన్ను లెక్కించుకొను సదుపాయము 80సి అను పేరుతో జీతగాండ్ర కందరకును పరిచితమే. బస్సు రుసుము, వసతిగృహపు ఖర్చు, విరాళము ఇందులోనికి రావు. బోధనా రుసుము మాత్రమే వచ్చును, అదియు నిద్దరు బిడ్డలవరకే. ఈ సంగతి నేను తలిదండ్రుల సమావేశములో చెప్పినప్పుడెల్ల కొందరు శ్రద్ధగా వ్రాసికొందురు, కొందరు ఊరక నవ్వుదురు.

అట్లు నవ్విన యొక తల్లి నాతో, "అయ్యవారూ, మాకు పన్ను యాడిది? పదైదు దినాలకొకతూరి పాలదుడ్డు వస్తాది. వచ్చిన దినమే పోతాది" అనెను. ఆమె పలికినది సత్యము. మా చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో పాడిని, మామిడితోటలను నమ్ముకొని బ్రదుకువారే మెండు. వ్యవసాయాదాయముపై ఆదాయపు పన్ను లేదు. రెండావుల పాలమ్ముకొను నామె రాబడి పన్ను హద్దునకెంతో దిగువను నుండును. పన్నే లేనివారికి పన్ను మినహాయింపు చూపుట బట్టతలవానికి దువ్వెన బహూకరించుట వంటిదే గదా! వారి బాధ వేరొకటి. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోగా ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు చేర్చి యిచ్చుటకు పూనుకొనవలసి వచ్చెను. అట్టి యేడు బడి తెరచు జూన్ మాసమున ఆ యిండ్లలో చేతికి దొరకునదెంత?

కావున నేనామెకు పన్ను మాట విడిచి తాళపు మాట చెప్పితిని. ఆడుబిడ్డలకై 2015 జనవరిలో సుకన్య సమృద్ధి ఖాతా యేర్పడినది. పదియేండ్లు నిండని బాలిక పేర పోస్టాఫీసులోగాని బ్యాంకులోగాని తెరువవచ్చును. సామాన్యముగా ఇంటికి ఇద్దరు బాలికలవరకే. యేటికి 250 రూపాయలకు తక్కువ గాకుండ, 1,50,000కు మించకుండ, పదునైదేండ్లు కట్టవలయును. తెరచిన నాటినుండి యిరువదియొక్క యేండ్లకు మొత్తము చేతికి వచ్చును. ఒక యేడు కట్టలేకపోయినచో 50 రూపాయల అపరాధ రుసుముతో ఖాతాను మరల నిలుపుకొనవచ్చును. బాలిక పదియవ తరగతి ముగించిన పిదప, లేదా పదునెనిమిదేండ్లు నిండిన పిదప, గడచిన ఆర్థిక సంవత్సరాంతమున నున్న నిలువలో సగమువరకు పైచదువునకై తీసికొనవచ్చును. అయితే కళాశాలవారి ప్రవేశపత్రమునో ఫీజు చీటినో చూపవలయును. అంతకుముందు ఇంటి యవసరములకు ఆ సొమ్మును కదలించుట సాధ్యము కాదు. పాలదుడ్డు వచ్చిన దినమే పోవు నింట ఈ తాళమే గొప్ప మేలు. 2025 జూన్‌లో తల్లికి వందనము పథకము క్రింద బిడ్డకు 13,000 రూపాయల చొప్పున తల్లుల ఖాతాలలో పడినప్పుడు, ఆమె అందులో మూడువేలు తన చిన్నపాప పేర కట్టినది.

బాలుర సంగతియేమని మా తరగతి పిల్లలు కోపగింతురేమో! వారి పేర ప్రజా భవిష్యనిధి ఖాతా తెరువవచ్చును. 1968లో మొదలైన ఆ పథకము పదునైదేండ్లది. ఏడవ యేటినుండి కొంత తీసికొనవచ్చును. వడ్డీ కొంచెము తక్కువ.

జీతగాండ్రకు మరియొక మెలిక యున్నది. 2023-24 ఆర్థిక సంవత్సరమునుండి క్రొత్త పన్ను విధానము, వేరుగా కోరుకొననివారి కందరకును వర్తించుచున్నది. అందులో ఈ పొదుపులకును ఫీజులకును మినహాయింపు లేదు. నేనును లెక్క చూచుకొని క్రొత్తదానిలోనికే మారితిని. అయినను ఈ రెండు ఖాతాలలోను చేరు వడ్డీపై ఏ విధానమునను పన్ను పడదు. రసీదుల వెదకులాట పోయినను వడ్డీ లాభము నిలిచియే యున్నది.

ఇక నా యింటి కథ. 2015 మార్చిలో మా అమ్మాయికి ఏడేండ్లు. నాడు ఖాతా తెరచి నెలకు వేయి రూపాయలు కట్టుచు వచ్చితిని. అయిదవ తేదీ దాటి కట్టిన సొమ్మునకు ఆ నెల వడ్డీ రాదు గనుక జీతము పడిన మరునాడే పోస్టాఫీసునకు పోవుట అలవాటైనది. మొదట 9.1 శాతముగా నున్న వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.6కు దిగి, 2024 జనవరిలో 8.2కు చేరినది. పదియేండ్లలో కట్టినది రమారమి 1,20,000, పాసుబుక్కులో నిలువ 1,80,000 దాటినది. 2025లో ఇంటర్మీడియెట్ ముగించి అమ్మాయి వేలూరులో నర్సింగు చదువుదునని పట్టుపట్టెను.

అప్పుడు మా అమ్మ అడ్డుపడినది. "ఆ దుడ్డు పాప పెండ్లికి గదరా కట్టింది! ఇప్పుడే తీసేస్తే ఆ పొద్దు ఎవురిని అడుగుతావు?" అని. ఆమెను తప్పుపట్టుట కష్టము, ఏలయనగా ఆ పథకపు నిబంధనలే ఆమె పక్షమున నున్నవి. పదునెనిమిదేండ్లు నిండిన కన్యకు పెండ్లి నిశ్చయమైనచో ఖాతా మూసి మొత్తము తీసికొనవచ్చును. చదువునకైనచో సగమే. పెండ్లికి తలుపు బార్లా తెరచి, చదువునకు ఒంటిరెక్క తెరచుట నాకెన్నడును నచ్చలేదు. మిగిలిన సగము వడ్డీతో పెరుగుననుట నిజమే గాని, ఫీజు కట్టు గడువు ఆ వడ్డీకొరకు ఆగునా?

మూడు దినములు ఇంట మాటలు సరిగా లేవు. నాలుగవనాడు అమ్మాయియే నాయనమ్మయొద్ద కూర్చుండి, లెక్కల పుస్తకపు వెనుకపుటలో గీతగీసి, ఇప్పుడు తీయునదెంత, మిగులునదెంత, నర్సు ఉద్యోగమున తొలియేట తాను తెచ్చునదెంతయో చూపినది. ఆ మూడవ అంకె అమ్మాయి ఊహించినదే, గట్టిదని నేను చెప్పజాలను. మా అమ్మ చదువుకొనలేదు, అంకెలు మాత్రము గుర్తించును. చాలసేపు చూచి, "సగమే గదా తీసేది? సరే, తీయండి" అనినది.

ఒక్కసారిగా గాక, యేటికొకసారి ఫీజు మేరకు తీసికొనుటకును వీలున్నదని తెలిసి తొలియేటికి కావలసినంతయే తీసితిమి. వసతిగృహపు సొమ్ము నా జీతమునుండి పోవుచున్నది. ఖాతాలో 2030 మార్చివరకు కట్టవలసియున్నది. ప్రతినెలయు నాలుగవ తేదీ సాయంకాలము మా అమ్మ నన్నడుగుచున్నది: "పోస్టాఫీసుకు పోయినావా లేదా?"