సాఫ్టువేరు కొలువునకు ఇంటర్వ్యూ

మన కోనసీమ గ్రామములందు ఇంజనీరింగు చదువు బిడ్డ లేని వీధి యిప్పు డరుదు. పిల్లలను కళాశాలకుఁ బంపుటయు, రుసుములు కట్టుటయు మనము నేర్చితిమి. కాని చదువు ముగియు సంవత్సరమున జరుగు ఇంటర్వ్యూ యెట్టిదో తల్లులలోఁ బెక్కుమంది యెఱుఁగరు. మా యాడపడుచు కుమార్తె మా యింట నుండి చదువుకొనుచు నీ పరీక్షకుఁ బూనుకొన్నది. అందుచే మేము తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాము.

ఈ పరీక్ష సాధారణముగా మూఁడంచెలుగా నుండును. మొదట లెక్కలు, తర్కము, ఇంగ్లీషు, ప్రోగ్రాము వ్రాఁత. పిమ్మట విషయజ్ఞుల ప్రశ్నలు. కడపట హెచ్చార్ వారి సంభాషణము. ఇప్పు డివి తఱచుగా నింటనే కంప్యూటరు మూలమున జరుగుచున్నవి గనుక, ఆ గంటసేపు మిక్సీ చప్పుడు, టీవీ మ్రోఁత లేకుండఁ జూచుట మన వంతు.

రెండవ యంచె యవధానమును బోలినది. తిరుపతి వేంకటకవులను గన్న గోదావరి సీమవారికి దీనిని వేఱుగఁ జెప్పవలెనా? సమస్యకుఁ బరిష్కారము చెప్పఁగనే పృచ్ఛకుఁడు నిషేధాక్షరివలె "ఇంకను దక్కువ కాలమునఁ జేయుము" అని నిబంధన పెంచును. అకారాదిగా నమర్చిన 1000 పేళ్లలో నొకదానిని వెదకవలె ననుకొందము. మొదటినుండి చూచినచో వేయిసారులు చూడవలసి రావచ్చును. నిఘంటువులోఁ బదము వెదకునట్లు నడుమఁ దెఱచి, అక్కఱలేని సగమును విడుచుచుఁ బోయినచోఁ బది చూపులలోఁ దేలును. దీనిని బైనరీ సెర్చి యందురు. జవాబుతోపాటు ఆలోచించు తెన్నును వారు పరీక్షింతురు గనుక మౌనము వహింపక తలఁపులను బైకిఁ జెప్పుచుండవలెను. తెలియనిదానిని దెలియదనుట తప్పుకాదు. కల్పించిన మాట రెండవ ప్రశ్నకే బయటపడును.

మా పిల్ల ప్రతి సాయంకాలము వంటయింటఁ గూర్చుండి యొక్కొక్క లెక్కను మాకుఁ దెలుఁగున వివరించెడిది. మాకుఁ గంప్యూటరు విద్య రాదు. అర్థముకాని చోట "ఎందుకే?" యని యడుగుటయే మా పని. ఆ ప్రశ్నలే తనకుఁ దోడ్పడిన వని యామె చెప్పినది.

కడపటి యంచెలో "హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణము, ఎక్కడికైనను బోవుదువా? రాత్రివేళఁ బని చేయుదువా?" యని యడుగుదురు. "అత్తయ్యా! నేనేమి చెప్పను? నాన్నగారు ఒప్పుకోకపోతే?" అని పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. ముందు పెండ్లి, తరువాతఁ గొలువు అని తండ్రిగారి పట్టు. మా వారును, మేమును వెళ్లి, "అన్నయ్యగారూ! రేపు అది సరేనన్న తరువాత మనము కాదంటే దాని మాటకు విలువ యేమి? కాదనేది ఉంటే ఇప్పుడే అనండి" అంటిమి. రెండు దినము లాలోచించి యాయన సమ్మతించిరి.

మఱి రెండు హెచ్చరికలు. ఉద్యోగ మిప్పింతుము, ముందు డిపాజిట్టు కట్టుఁ డనువారిని నమ్మవలదు. నియామకపత్రము చేతికి వచ్చిన మాత్రమున అప్పులు చేయవలదు. 2022, 2023 సంవత్సరములలో నట్టి పత్రము లందిన పలువురు చేరు తేదీకై నెలల తరబడి వేచియుండిరి.

మొదటి సంస్థవారు మా పిల్లను దీసికొనలేదు. రెండవ యింటర్వ్యూ ఫలితమింకను రాలేదు. ఏ యూరికైనను బోవుదు నని యీసారి తడఁబడక చెప్పితినని మాత్ర మామె యన్నది.