బట్టలకి గది కావాలా, గోడ చాలదా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రైల్వే క్వార్టర్‌లో నెట్టుకొచ్చి, రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో మలంచలోనో, ఇందాలోనో, ఖరీదా వైపో రెండు పడగ్గదుల ఇల్లు వేసుకోవడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి పాత అలవాటే. కొత్తగా వచ్చిందల్లా ప్లాను కాగితం మీద పడగ్గది పక్కన కనిపిస్తున్న ఒక చిన్న గడి. దాన్ని వాక్-ఇన్ క్లోజెట్ అంటున్నారు. లోపలికి నడిచి వెళ్లి, మూడు వైపులా వేలాడే బట్టల్లోంచి కావలసింది తీసుకుని బయటికి రావచ్చు. సినిమాల్లో చూసినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. ఆ గడి కొట్టేయించి, అంతకంటే తక్కువ ఖర్చుతో గోడ అలమారా కట్టించుకోమని నా సలహా. పిసినారితనం కొద్దీ చెప్పడం లేదు. బట్టల గది కింద పోయే నేల ఒక్క పనికే ఉపయోగపడుతుంది. గోడ అలమారా ముందున్న నేల మీద మంచం వేసుకుంటాం, పిల్లలు చదువుకుంటారు, పండక్కి చుట్టాలొస్తే చాప పరుస్తాం. చిన్న ఇంటికి తేడా అక్కడే వస్తుంది.

ఆ మాటకొస్తే బట్టలకి విడిగా గది అన్నది ఈ ఊరికి కొత్త కాదు. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాకి రైళ్లు నేరుగా నడిచాక, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని పెద్ద జంక్షన్‌గా, వర్క్‌షాపు ఊరుగా పెంచింది. ఆ కంపెనీ పట్టాలు వాల్తేరు దాకా ఉండేవి కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు ఆ బండ్లెక్కే ఇక్కడికి వచ్చారు. ఆ కాలపు దొరల బంగళాల్లో పడగ్గదిని ఆనుకుని డ్రెస్సింగ్ రూము ఉండడం మామూలే. కోట్లు దులిపి తగిలించడానికి, బూట్లు తుడిచి వరసగా పెట్టడానికి అందులో నౌకరు తిరిగేవాడు. నౌకరు ఉన్నాడు కాబట్టే ఆ గదికి అర్థం ఉంది. కార్మికుల క్వార్టర్లలో సంసారమంతా మంచం కింద ఉండేది: నల్ల రేకు ట్రంకు పెట్టె, దాని మూత మీద తెల్ల పెయింటుతో యజమాని పేరు, పెట్టె దూరేటట్టు మంచం కోళ్ల కింద ఎత్తుకి ఇటుకలు. ఇరుకులో పుట్టిన ఏర్పాటే గాని, ఉన్న చోటునే రెండుసార్లు వాడుకోవడం అందులో ఉంది. గోడలో అలమారా పెట్టించడం కూడా ఆ లెక్కలోదే.

లెక్క అన్నాక వేసి చూడాలి. హ్యాంగర్‌కి వేలాడే చొక్కాకి భుజాల వెడల్పుని బట్టి దాదాపు 2 అడుగుల లోతు కావాలి. రెండు వైపులా అలమారాలు, మధ్యలో మనిషి వంగి లేవడానికి 3 అడుగుల దారి పెడితే గది వెడల్పు 7 అడుగులవుతుంది. పొడవు కూడా 7 అనుకుంటే 49 చదరపు అడుగులు. అందులో బట్టలున్నది 28 అడుగుల్లో, మిగిలిన 21 అడుగులూ ఉత్త దారి. 10 బై 12 పడగ్గది మొత్తం 120 అడుగులే అయినప్పుడు 49 అంటే అందులో నూటికి నలభై పాళ్లు. అదే 14 అడుగుల పొడవు అలమారాలని పడగ్గది గోడలకి చేర్చి కట్టిస్తే 28 చదరపు అడుగులతో సరిపోతుంది. మీ వీధిలో చదరపు అడుగు కట్టుబడికి ఎంత తీసుకుంటున్నారో ఆ రేటుతో 21ని హెచ్చవేసుకోండి. రోజుకి పది నిమిషాలు నిలబడే చోటుకి ఎంత పోస్తున్నామో తెలుస్తుంది.

పైగా మన ఇళ్లలో వేలాడే బట్టలు ఎన్ని? చీరలు, పంచెలు, తువ్వాళ్లు, దుప్పట్లు అన్నీ మడత పెట్టేవే. మడత చీరకి 15, 16 అంగుళాల లోతున్న అర చాలు. ఖరగ్‌పూర్ చలికాలం విజయనగరంలాంటిది కాదు కాబట్టి డిసెంబరు, జనవరుల కోసం రజాయిలూ స్వెట్టర్లూ ఉండాల్సిందే. అవి మిగతా పది నెలలూ ఎక్కడో పడుకోవాలి. వాటి చోటు అటక, లేదా అలమారా నెత్తిన కప్పు దాకా కట్టించిన పై అర. ఇప్పటి పిల్లలు ఇస్త్రీ చొక్కాలే వేసుకుంటున్నారు కదా అంటారు. నిజమే. వాళ్ల కోసం 3 అడుగుల కడ్డీ ఒకటి పెట్టించండి, ముప్పై చొక్కాలకి తక్కువ కాకుండా పడతాయి. అమెరికాలో ఉన్న కొడుకింట్లో క్లోజెట్ ఎంత సుఖంగా ఉందో చూసొచ్చినవాళ్ల మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అక్కడ ఇల్లంతటికీ ఒకే యంత్రం వేడిగాలో చల్లగాలో పంపిస్తుంది, కిటికీ లేని క్లోజెట్‌లో కూడా గాలి పొడిగానే ఉంటుంది. వేలాడదీయాల్సిన చలికోట్లూ ఎక్కువే.

ఇక్కడ ఆ పొడి గాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా కలలో మాటే. వానాకాలంలో వారం రోజులు తెరవని అలమారా తలుపు తీస్తే ముందు వాసన తగులుతుంది, తర్వాత పట్టుచీర మడతల మీద బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి. అందుకే గాలాడే గది మేలు కదా అని గట్టిగా వాదించేవాళ్లున్నారు. నేను విన్నవాటిలో బలమైన అభ్యంతరం ఇదే. కాని గాలాడాలంటే కిటికీ ఉండాలి. రెండు పడగ్గదుల ఇంట్లో బట్టల గదిదాకా కిటికీ రావడం అరుదు. వచ్చినా ఎండకి రంగు వెలుస్తుంది, తలుపుల్లేని అరల మీద ఎర్ర మొరం దుమ్ము పేరుకుంటుంది. గోడ అలమారా తలుపు తెరిస్తే పడగ్గది ఫ్యాను గాలే లోపలికి వెళ్తుంది. అసలు చెమ్మ వచ్చేది ఎక్కువగా అలమారా వల్ల కాదు, దాన్ని పెట్టిన గోడ వల్ల. 9 అంగుళాల బయటి గోడని తొలిచి అలమారా పెడితే దాని వెనక నాలుగున్నర అంగుళాల ఇటుకే మిగులుతుంది, వాన జల్లు అక్కడినుంచే లోపలికి దిగుతుంది. కాబట్టి రెండు గదుల మధ్య గోడ ఎంచుకోండి. వెనక చెక్కకీ గోడకీ మధ్య వేలు దూరే సందు, తలుపు కిందా పైనా చిల్లులు పెట్టమని మిస్త్రీకి ముందే చెప్పండి. ఎర్రమట్టి నేలలో చెదల బెడద ఎక్కువ గనక కింది అర నేలకి తగలకుండా రాతి పలక మీద నిలబెట్టించాలి. ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీది ముద్ర చూడండి: 303 అంకె ఉన్నది మామూలు రకం, 710 ఉన్నది నీళ్లకి ఆగే రకం. కలరా ఉండలూ వేపాకూ వీటన్నిటి తర్వాత.

ఇక ఆడవాళ్ల తరఫున వచ్చే మాట ఒకటుంది. ఇల్లు నిండా చుట్టాలున్నప్పుడు, పడగ్గదిలో కూడా ఎవరో నడుం వాల్చినప్పుడు, కోడలు చీర మార్చుకోవడానికి చాటు ఎక్కడ? బాత్‌రూములో తడి నేల మీద కుచ్చిళ్లు పెట్టుకోవడం ఎంత చికాకో మగవాళ్లకి తెలియదు. దీనికి మాత్రం నేను సగం ఒప్పుకుంటాను. పడగ్గది నుంచి బాత్‌రూముకి వెళ్లే నడవ ఎలాగూ ఉంటే, దాని ఒక పక్క అలమారాలు కట్టించి పడగ్గది వైపు తలుపో తెరో పెట్టించండి. ఆ దారి అటు నడవడానికీ ఇటు చీర మార్చుకోవడానికీ పనికొస్తుంది. బాత్‌రూము ఆవిరి బట్టల మీదికి రాకుండా ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. లేని నడవని మాత్రం దీనికోసం పుట్టించకండి.

క్వార్టర్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు. అది మన గోడ కాదు, తొలిచే హక్కు లేదు, చేయించిన చెక్కపని బదిలీ నాడు వెంట రాదు. రిటైరయ్యాక మామూలు అద్దె మీద ఉండనిచ్చేది నాలుగు నెలలే. గోద్రెజ్ వాళ్లు 1923 నుంచి చేస్తున్న ఇనప బీరువాలాంటిది ఒకటి కొనుక్కోండి. ఇల్లు కట్టుకున్న రోజున అదీ లారీ ఎక్కి వస్తుంది. అప్పుడు దాని వెడల్పు కొలిచి గోడలో ఆ మేరకి ఖాళీ వదిలించండి, మిగతా గోడకే అలమారా కట్టించండి.