టిటాఘర్ మగ్గాల షెడ్డులో

సియాల్దాలో బారక్‌పూర్ లోకల్ ఎక్కితే టిటాఘర్ ఇరవై కిలోమీటర్ల దూరం. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల ఊరు. శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. బజారులో మన మాట వినిపిస్తే ఉలిక్కిపడనక్కర్లేదు. మేం మాత్రం వెళ్లింది మిల్లులకు కాదు, రైలు పట్టాల పక్కనే సన్నగా, పొడుగ్గా సాగిన గాంధీజీ ప్రేమ్ నివాస్‌కు.

కుష్టు రోగుల కోసం మదర్ థెరిసా 1958లో మొదలుపెట్టిన చోటిది. గాంధీ పేరు ఊరికే పెట్టలేదు. సేవాగ్రామ్‌లో పర్చురే శాస్త్రి అనే కుష్టు సోకిన పండితుడికి ఆయన స్వయంగా సేవ చేశారు.

షెడ్డులో మగ్గాల చప్పుడుకు పక్కవాళ్ల మాటే వినపడదు. కొందరు రాట్నాల మీద కండెలు చుడుతుంటే, కొందరు నేస్తున్నారు. ఒకాయనకు కుడిచేతి వేళ్లు సగానికే ఉన్నాయి. పిడిని అరచేతి మొదలుతో లాగుతుంటే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. పోగు తెగితే మగ్గం ఆపి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, నిదానంగా ముడివేస్తారు. ఓపిక చాలనిది చూసేవాళ్లకే.

కుష్టు వేళ్లను తినేస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. నిజానికి అది దెబ్బతీసేది నరాలను. స్పర్శ పోయాక కాలినా, కోసుకున్నా తెలియదు. ఆ పుండ్లు ముదిరి వేళ్లు అరిగిపోతాయి. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో మొదలుపెట్టిన పనితో ఈ సంగతి తేటపడింది. ఇప్పుడైతే ఆరు నెలలు, మహా అయితే ఏడాది మందులు వాడితే జబ్బు నయమవుతుంది.

ఇక్కడ నేసేవి మదర్ సంస్థలోని సిస్టర్లు కట్టే తెల్లచీరలు. అంచున మూడు నీలి చారలు ఉంటాయి. ఏటా నాలుగు వేల దాకా దిగుతాయట.

ప్రతి ప్రాణాన్నీ కాపాడాలన్న మాట అనని సంస్థ ఉండదు. చాలాచోట్ల ఆ మాట ఇంత గంజి పోసి, చుట్టూ గోడ కట్టడంతో సరి. ఇక్కడ మాత్రం ఊరు ముట్టుకోనన్న చేతులు నేసిన బట్టను, ఆశ్రయం ఇచ్చినవాళ్లే ఒంటికి చుట్టుకుంటున్నారు. అన్నం పెట్టడం కన్నా ఇది పెద్ద మర్యాదని నాకనిపించింది. అలాగని గోడ లేదా అంటే, ఉంది. మొన్నమొన్నటి దాకా అది చట్టంలోనూ ఉండేది.

బిచ్చమెత్తే కుష్టు రోగిని వారెంటు లేకుండా పట్టుకుని ఆశ్రమంలో బంధించవచ్చన్న 1898 నాటి చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది 2016లో. భర్తకో భార్యకో కుష్టు ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలు 2019 దాకా ఉంది! మాత్రలు ఏడాదిలో ముగించే పనిని చట్టం ఇంతకాలం సాగదీసింది. కుర్రతనంలో వచ్చి, మగ్గం మీదే తల నెరిసినవాళ్లను ఇంటికెందుకు వెళ్లలేదని అడగబోయి మానుకున్నాం.