మన కరెంటు 50, తమ్మీ!

ఆదివారం పొద్దున ఏడు గంటలు. హన్మకొండలో మావాడి ఇంట్లో చాప మీద కూర్చుని, ముందురోజు రాత్రి తీసిన ఫుటేజ్‌ని ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేశా. మావాడు రెండు టీ గ్లాసులతో వచ్చి పక్కన కూర్చున్నాడు. మొదటి క్లిప్ ప్లే అయింది. వంటింటి గోడ మీద నల్లటి చారలు. అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి, మెల్లగా పైకి పాకుతున్నాయి. గోడ మీదే కాదు, వాళ్లమ్మ మొహం మీద కూడా.

"ఏందిరా ఇది?" అన్నాడు.

నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. "కెమెరా ఫాల్ట్ అనుకుంటా. అద్దె పీసు కదా" అన్నా.

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మావాడు ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్. డైరెక్టర్ అవుదామని వాడు ఉద్యోగం మానేశాడు. నేను ఈఎంఐలు లెక్కేసుకుని ఆగిపోయా. అందుకే వాడి షార్ట్ ఫిల్మ్‌కి కెమెరా నేను పడతానన్నా. బడ్జెట్ 32 వేలు. అది వాడి సేవింగ్స్‌లో చివరి డబ్బు. అందులో 18 వేలు రెండు రోజుల కెమెరా, లెన్స్ అద్దెకే పెట్టించా. లైట్లకి 1,500. "మంచి కెమెరా ఉంటే లైట్లెందుకురా, చీకట్లో కూడా పగల్లా కనిపిస్తుంది" అని చెప్పింది నేనే.

కథ చిన్నది. సద్దుల బతుకమ్మ రోజు తల్లి పెరుగు సద్ది, నువ్వుల సద్ది అన్నీ చేసి, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. రాత్రి ఫోన్ వస్తుంది, రావట్లేదని. ఆమె "సరే బిడ్డా, పైలం" అని ఫోన్ పెట్టేసి, గిన్నెల మీద మూతలు పెడుతుంది. అంతే.

ఆ తల్లి వేషం మావాడి అమ్మే వేశారు. నటన ఆమెకి కొత్త. ఫోన్ నిజంగా మోగితే బాగుంటుందని, పక్క గదిలోంచి మావాడే కాల్ చేశాడు. అసలు సంగతి ఏంటంటే, కిందటేడు వాడు నిజంగానే బతుకమ్మకి ఇంటికి రాలేదు. రెండో టేక్‌లో "సరే బిడ్డా..." అన్నాక ఆంటీ గొంతు ఆగిపోయింది. "పైలం" అనే మాట బయటికి రావడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. కట్ చెప్పాల్సిన వాడు పక్కగదిలో ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను రికార్డింగ్ ఆపలేదు. ఇంతకంటే మంచి టేక్ ఇంకోటి రాదని ఇద్దరికీ అప్పుడే తెలిసిపోయింది.

చారలు పడింది ఆ టేక్ మీదే.

షాపులో ఒక్క నిమిషం

ఆదివారం రాత్రి రూమ్‌కి వచ్చాక వెతికితే పది నిమిషాల్లో కారణం దొరికింది. తప్పు కెమెరాది కాదు, నాది. అయినా మావాడికి చెప్పలేదు. సోమవారం కెమెరా తిరిగివ్వడానికి షాపుకెళ్తే, వాడు ఓనర్‌తో గొడవకి దిగాడు. "ఫాల్టీ పీస్ ఇచ్చి మా షూటింగ్ ఆగం చేసిన్రు, సగం డబ్బులు వాపస్ ఇయ్యాలె" అని. నేను పక్కనే నిలబడి బ్యాగ్ జిప్పు సర్దుకుంటున్నా.

ఓనర్‌కి యాభై దాటి ఉంటాయి. ఏళ్ల తరబడి సినిమా సెట్లలో లైట్‌మన్‌గా చేసి, ఆ తర్వాత ఈ అద్దె షాపు పెట్టుకున్నాడట. ఏమీ వాదించలేదు. కెమెరా ఆన్ చేసి, షాపులో ఉన్న ఎల్ఈడీ ట్యూబ్ వైపు తిప్పాడు. స్క్రీన్ మీద అవే చారలు. షట్టర్ 1/60 మీద ఉంది. దాన్ని 1/50కి తిప్పాడు. చారలు మాయం.

"యూట్యూబ్‌ల అమెరికాయన ఎవరన్న 60 పెట్టుమని చెప్పిండా? ఆడ కరెంటు 60. మన కరెంటు 50, తమ్మీ!"

మావాడు నా వైపు చూశాడు. అప్పుడు చెప్పా, నాకు నిన్న రాత్రే తెలుసని. షాపు మెట్లు దిగేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. బైక్ దగ్గరికొచ్చాక, "తెల్వదని ఒక్క మాట అంటే అయిపోవు గదరా" అన్నాడు. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆఫీస్‌లో టెస్ట్ చేయని కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడితే జూనియర్లని వాయించేది నేనే. ఇక్కడ కనీసం ఒక టెస్ట్ క్లిప్ తీసి ల్యాప్‌టాప్‌లో చూడలేదు. మూడంగుళాల స్క్రీన్ మీద బాగుందనుకుని రాత్రంతా తీసేశా.

చార ఎందుకొస్తుంది?

మన ఇళ్లకి వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సైకిల్స్. ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు పీక్‌కి వెళ్తుంది కాబట్టి లైటు వెలుగు సెకనుకు 100 సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కంటికి తెలియదు. కెమెరాకి తెలుస్తుంది. ఎందుకంటే మనం వాడే కెమెరాలు, ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి చదవవు. పైనుంచి కిందికి ఒక్కో వరుస చదువుకుంటూ పోతాయి. షట్టర్ 1/50 అయితే ప్రతి వరుసకీ సరిగ్గా రెండు పల్స్‌ల వెలుగు అందుతుంది. 1/100 అయితే ఒకటి. అన్ని వరుసలకీ సమానం. 1/60 పెడితే ఒకటిన్నర కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. కొన్ని వరుసలకి ఎక్కువ వెలుగు, కొన్నిటికి తక్కువ. అదే చార. ఎల్ఈడీ ఎంత చవకదైతే ఈ గొడవ అంత ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

24 ఫ్రేమ్స్‌లో తీసేవాళ్లు షట్టర్ యాంగిల్ 180 డిగ్రీలు పెడితే 1/48 అవుతుంది. అందుకే మన దగ్గర 172.8 డిగ్రీలు పెడతారు. అప్పుడు సరిగ్గా 1/50. ఈ వింత నంబర్ ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

చారలు తీసేసే సాఫ్ట్‌వేర్లు కూడా వాడి చూశా. గోడ కొంచెం బాగుపడింది. ఆంటీ మొహం మాత్రం మైనం పూసినట్టయింది. డిలీట్ చేశా.

రెండో రాత్రి

మూడు వారాల తర్వాత మళ్లీ షూట్ పెట్టుకున్నాం. చేతిలో మిగిలింది 11 వేలు. ఈసారి అదే షాపుకి వెళ్లి, "ఏం తీసుకోమంటారు?" అని అడిగా. ఓనర్ చిన్న కెమెరా, ఒక్క లెన్స్ ఇచ్చాడు. రెండు రోజులకి 5 వేలు. "లైట్ ఏడికెళ్లి వస్తున్నదో ముందు చూడు. కెమెరా తర్వాత" అన్నాడు.

అందులో నిజముంది. 2023లో వచ్చిన 'ది క్రియేటర్' అనే హాలీవుడ్ సినిమాని చాలావరకు సోనీ ఎఫ్ఎక్స్3తో తీశారు. చేతిలో పట్టుకుని తిరిగే సైజు కెమెరా అది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)కి సుబ్రత మిత్ర కాశీలోని ఇంటి మండువా సెట్‌ని స్టూడియోలో వేసినప్పుడు, పైన తెల్లబట్ట కట్టి, లైట్లని దాని మీదికి కొట్టి, అక్కడినుంచి కిందికి పడే మెత్తటి వెలుగుతో తీశారు. ఆయన సాధించింది ఆకాశం నుంచి వచ్చే వెలుగుని. బట్ట ఖరీదు ఎంతుంటుంది చెప్పండి?

మేం 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు, హోల్డర్లు, వైరు, ఒక డిమ్మర్, రెండు థర్మోకోల్ షీట్లు కొన్నాం. ఫిలమెంట్ వేడికి వెలుగుతుంది. కరెంటు తగ్గిన ఆ కాస్త క్షణంలో అది చల్లారదు కాబట్టి ఫ్లికర్ బాగా తక్కువ. వంటింట్లో ఎల్ఈడీ తీసేసి, పొయ్యి పైన ఒక బల్బు వేలాడదీశాం. ఇలా ఫ్రేమ్‌లోనే కనిపించే లైటుని సినిమావాళ్లు ప్రాక్టికల్ అంటారు. కానీ మొహాన్ని నిజంగా వెలిగించేది అది కాదు. డిమ్మర్‌తో దాన్ని బాగా తగ్గించి, అదే రంగు ఉన్న ఇంకో బల్బుని ఫ్రేమ్ బయట, అదే వైపున పెట్టాం. చూసేవాళ్లకి వెలుగు పొయ్యి మీద బల్బుదే అనిపిస్తుంది. పనిచేసేది మాత్రం కనిపించనిది. గోడ వైపు థర్మోకోల్ పెడితే నీడ కొంచెం మెత్తబడింది.

లెన్స్‌ని ఎఫ్/1.4 దాకా తెరవొచ్చు. మొదటిసారి అలాగే తెరిచి తీశా, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అయితే సినిమాలా ఉంటుందని. కానీ ఆంటీ అర అడుగు కదిలినా ఫోకస్ పోయేది. "అక్కడే నిలబడండి, కదలకండి" అని ఆమెని పదిసార్లు ఆపా. కుబ్రిక్ 'బారీ లిండన్' (1975)లో కొవ్వొత్తుల వెలుగుతో తీయడానికి ఎఫ్/0.7 లెన్స్ వాడినప్పుడు నటులకీ ఇదే తిప్పలు. వాళ్లు ప్రొఫెషనల్స్. ఆంటీ తన వంటింట్లో తను తిరగాలి కదా. అందుకే ఎఫ్/2.8కి తగ్గించా. అంటే లెన్స్‌లోకి వచ్చే వెలుగు నాలుగో వంతు. దాన్ని భర్తీ చేయడానికి బల్బుని నాలుగు అడుగుల నుంచి రెండు అడుగుల దూరానికి జరిపా. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. ఇంటర్‌లో బట్టీ పట్టిన ఇన్వర్స్ స్క్వేర్ లా మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చింది.

కెమెరా 25 ఫ్రేమ్స్, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్. కిటికీ బయట తెల్లబట్ట వెనక ఒక ఎల్ఈడీ ప్యానెల్ పెడితే, ఆ సెట్టింగ్‌లో అది నీలంగా, వెన్నెల్లా పడింది. సాయంత్రమే టెస్ట్ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాం. చారల్లేవు. ఫ్రేమ్ నేను ఊహించినదానికంటే బాగుంది.

ఆంటీ వచ్చారు. అదే చీర. ఫోన్ మోగింది. మాట్లాడారు. కానీ ఆ మాట రాలేదు. ఏడు టేకులు తీశాం.

"మళ్ల చెయ్యాల్నా బిడ్డా?" అని నన్నే అడిగారు. "గప్పుడు నిజంగనే ఏడుపొచ్చింది. ఇప్పుడు తెచ్చుకుందమన్నా వస్తలేదు."

లైట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. షట్టర్ సరిగ్గా ఉంది. పోయింది మాత్రం పోయింది. ఆ కిచెన్‌లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే ఇబ్బందిగా ఉంది.

కాసేపటికి మావాడే అన్నాడు, "ఆ రోజు సౌండ్ మంచిగనే ఉంది గదరా?"

ఉంది. సౌండ్ వేరే రికార్డర్‌లో తీశాం. నేను కెమెరాని ఆంటీ వెనక్కి మార్చా. మొహం మీద పడే బల్బుని తీసి ఆమెకి అవతల, పొయ్యి వైపు పెట్టా. థర్మోకోల్ తీసేశా. ఇప్పుడు కనిపించేది చెంప అంచు, చెవి, ఫోన్ పట్టుకున్న చెయ్యి. మిగతా అంతా చీకటి. పెదవులు కనిపించవు కాబట్టి పాత టేక్ గొంతు అక్కడ అతికింది. "సరే బిడ్డా..." తర్వాత ఆ నాలుగైదు సెకన్లు ఆమె వీపు కదలకుండా ఉంటుంది. తర్వాత "పైలం". మూత పెట్టిన చప్పుడు.

సినిమా పూర్తయ్యాక వాళ్లింట్లో టీవీకి పెట్టి చూపించాం. అయిపోయాక ఆంటీ, "మొఖం కనవడకున్నా నేనే అని ఎర్కయితుంది" అని లేచి వంటింట్లోకి వెళ్లారు. చూసినవాళ్లు కొందరు ఆ షాట్‌ని మెచ్చుకున్నారు. మొహం దాచడం మంచి ఐడియా అన్నారు. ఒకప్పుడైతే థ్యాంక్స్ చెప్పి ఊరుకునేవాణ్నే. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతున్నా.

మీరు కూడా ఈ వీకెండ్ ఫోన్‌తోనో, అద్దె కెమెరాతోనో ఏదైనా తీయబోతుంటే ఒక్క పని చేయండి. వీడియో ప్రో మోడ్‌లోకి వెళ్లి, మీ వంటింటి లైటు వైపు పెట్టి, షట్టర్‌ని 1/60, 1/50కి మార్చి రెండు క్లిప్‌లు తీయండి. పెద్ద స్క్రీన్ మీద చూడండి. రెండు నిమిషాల పని.

మావాడు ఇంకో కథ రాస్తున్నాడు. కెమెరా మళ్లీ నేనే. ఆ పాత క్లిప్ నా హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంది. అప్పుడప్పుడు ప్లే చేస్తా. ఆంటీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మాట కోసం ఆగుతారు. ఆమె కళ్ల మీదుగా ఒక నల్లటి చార మెల్లగా పైకి పోతుంది.