అరవై నాలుగు గంటలు

మనిషన్నవాడు వారానికి ఎన్ని గంటలు పనిచెయ్యాలి అన్న విషయం మీద ఈ మధ్య పెద్దలు చాలామంది నోరు విప్పుతున్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు దేశం బాగుపడాలంటే యువకులు 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో మరో పెద్ద కంపెనీ అధిపతి 90 గంటలన్నారని పేపర్లన్నీ రాశాయి. వేలంపాటలాగా పాట పెరుగుతూనే ఉంది. వారానికి ఉన్నవే 168 గంటలు గనక ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, అదొక్కటే మనకు ధైర్యం.

మా ఇంట్లోనూ ఒక రాత్రి భోజనాలయ్యాక ఈ ప్రస్తావన వచ్చింది. మావారు బ్యాంకు ఉద్యోగి. ఏ విషయమైనా అంకెల్లోకి దించితే గాని ఆయనకు నిద్రపట్టదు. పాలలెక్క రాసుకునే పుస్తకం వెనక అట్ట మీద చకచకా వేసేశారు.

"168లో ఉద్యోగానికి 48 తీసెయ్యి. రోజుకు ఎనిమిది చొప్పున నిద్రకు 56. మిగిలిందెంత? 64! మనకున్నవి అరవై నాలుగు కళలు గదా, కళకొక గంట. ఇంకా తీరిక లేదు, తీరిక లేదంటావేమిటోయ్?"

నేను తెలుగు పాఠం చెప్పుకు బతికేదాన్ని. అంకెల్లో ఆయనతో నెగ్గలేను. కాని 'తీరిక' అన్నారే, ఆ మాట మాత్రం నా సరుకు. తీరడం అంటే పూర్తికావడం. పని తీరితే వచ్చేది తీరిక. బ్యాంకులో పని సాయంత్రానికి తీరుతుంది. పద్దు సరిపోతుంది, తాళం పడుతుంది. ఇంటిపనికి తాళం ఏదీ? తోమిన గిన్నె రాత్రికి మళ్లీ అంటవుతుంది. తీరని పనికి తీరిక ఎక్కణ్ణించి వస్తుంది? ఇక 'సెలవు' అన్న మాటకు అనుమతి అనే అర్థం ఉంది. అంటే అది ఎవరో ఇవ్వాలి. 'ఆటవిడుపు' కూడా అంతే, పంతులుగారు విడవాలి. మాబోటి వాళ్లకు మిగిలేది 'తెరిపి'. వాన కాసేపు ఆగినప్పుడు అంటామే, ఆ తెరిపి. గొడుగు ముడిచేలోగా మళ్లీ చినుకు పడుతుంది.

ఇదంతా చెబితే మావారు, "మాటలకేం, చింతకాయలు రాలవు. లెక్క చెప్పు" అన్నారు. సరే, లెక్కే చెబుదామని ఆ పుస్తకం నేను లాక్కున్నాను.

అసలా 48 అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1881లో మన దేశంలో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చినప్పుడు అది పెద్దల జోలికే పోలేదు. ఏడేళ్లు నిండిన పిల్లల చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించగూడదన్నది ఆ చట్టం చూపిన దయ! బట్టల మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు పన్నెండు గంటలన్న హద్దు 1911లో గాని రాలేదు. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో 1922లో వారానికి 60 గంటలన్నారు, 1934లో 54 అన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 చట్టంలో 48 గంటలు స్థిరపడింది. ఆదివారం సంగతీ అంతే. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1890లో అది చేజిక్కింది. మనం ఆదివారం పొద్దున పెసరట్టు తింటూ ఆయన్ని తలుచుకోం గాని, తలుచుకోవలసినవాడే. 2025లో తెలంగాణలో వ్యాపార సంస్థలకు రోజుకు పది గంటల దాకా అనుమతిచ్చినప్పుడు కూడా వారానికి 48 దాటగూడదన్న షరతు పెట్టారంటే, ఆ అంకెకు ఎంత మర్యాద ఉందో చూడండి.

బ్రిటన్‌లో రాబర్ట్ ఓవెన్ అనే ఆయన 1817లోనే రోజును మూడు ఎనిమిదులుగా పంచాడు. పనికి ఎనిమిది, నిద్రకు ఎనిమిది, మిగతా ఎనిమిది మనిషి ఇష్టం. చక్కని పంపకం. ఆ మూడో ఎనిమిదిలో బియ్యం కడిగే నిమిషం ఎక్కడుందో మాత్రం నాకు ఎంత వెతికినా కనబడలేదు.

మళ్లీ పాలపుస్తకానికి వద్దాం. మా కాలేజీ వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడు గంటలు, వెరసి 42. మిగతా ఆరు గంటలూ పేపర్లు దిద్దడానికీ, మర్నాటి పాఠం చూసుకోవడానికీ చెల్లు. కనక 48 అన్నమాట ఒప్పుకున్నాను. ("మీకేమండీ, వారానికి పదహారు గంటలే గదా పాఠం!" అని ఎదురింటావిడ అంటుంది. యూజీసీ నిబంధనలో ఆ పదహారు పక్కనే మొత్తం పని 40 గంటలకు తగ్గగూడదన్న వాక్యం కూడా ఉంది. ఆ వాక్యం ఎవరి కంటా పడదు.) ఇహ ఇల్లు గుంటూరులో, కాలేజీ తెనాలిలో. పాతిక కిలోమీటర్ల దూరమే అయినా ఆటో, రైలు, మళ్లీ నడక కలిపి పోనూ రానూ రెండున్నర గంటలు. వారానికి 15. అరవై నాలుగు కాస్తా 49 అయింది. వంటకు పొద్దున రెండు గంటలు, రాత్రి గంటన్నర. ఏడు రోజులకు ఇరవై నాలుగున్నర. ఇంకా ఇరవై నాలుగున్నర మిగిలింది. స్నానం, జడ, చీర, మూడు పూటల తిండి, ఇవన్నీ మనిషన్న తర్వాత తప్పవు గదా, పదిన్నర. పధ్నాలుగు మిగిలింది. ఆరిన బట్టలు మడతపెట్టడం, అత్తగారికి మందులివ్వడం, అమ్మాయి చదువు చూడడం, ఇల్లు సర్దడం, ఇలాటి పేరులేని పనులకు రోజుకొక గంట. మిగిలింది ఏడు.

"పోనీ, ఏడు గంటలుంది గదా! రోజుకొక గంట" అన్నారు మావారు, కొంచెం తగ్గి.

"మీ లెక్క కూడా వెయ్యండి" అన్నాను. ఆయన బ్యాంకు ఇంటికి పది నిమిషాల దూరం. కూరగాయలు తెస్తారు, బిల్లులు కడతారు, పిల్లను ట్యూషను నుంచి తీసుకొస్తారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పని ఎగ్గొట్టే మనిషి కారు. నిజాయితీగానే వేసుకుంటూ పోయారు. చివరకు నలభై దాటి తేలింది. పైగా 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులాయె. ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూసి, పుస్తకం మూసి, "చలిగా ఉంది, కిటికీ వెయ్యి" అన్నారు. అది మే నెల.

ఇది మా ఒక్క ఇంటి గొడవయితే రాసేదాన్ని కాను. 2024లో కేంద్ర గణాంకశాఖ వారు, జనం రోజంతా ఏయే పనులకు ఎంతెంత కాలం వాడుతున్నారో దేశమంతటా ఆరా తీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారట. 2019లో ఇవే అంకెలు 299, 97. అంటే అయిదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లూ ఊరుకోకుండా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. నేను వంటా, పేరులేని పనులూ కలిపి చూసుకుంటే నావి 270 నిమిషాలు. దేశానికి నేనే ఇంకా రోజుకు పంతొమ్మిది నిమిషాలు బాకీ! ఆ బాకీ ఎవరు తీరుస్తున్నారో నాకు తెలుసు. మా ఇంట్లో గిన్నెలు తోమి వెళ్లే ఆమె ఇంకా నాలుగిళ్లు చేస్తుంది. ఆ తర్వాత తన ఇల్లు. ఆమె వారానికి ఏ చట్టమూ హద్దు గియ్యలేదు. నెలకు రెండు ఆదివారాలు రానక్కరలేదని మేమంటే, ఆ రెండు రోజులూ మరో ఇంటి పెళ్లి పనికి వెళుతోంది.

సరే, నాకు ఏడు గంటలున్నాయి. అవి చాలవా అంటే, కొన్నింటికి చాలు. కుక్కరు కూతల మధ్య వారపత్రికలో సీరియల్ చదవొచ్చు. రైల్లో సంగం జాగర్లమూడి వచ్చేలోగా ఒక కునుకు తియ్యొచ్చు. కాని ఆ ఏడూ ఒకచోట ఉన్నవి కావు. పది నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ. చిల్లర నాణేలతో కూరగాయలు కొనొచ్చు గాని, వాటిని మూటగట్టుకుపోయి బంగారం కొట్లో నిలబడితే బాగుంటుందా?

నాకు కావలసిన బంగారం ఏమిటో కూడా చెప్పాలి. మా అత్తగారికి డెబ్బయ్ ఎనిమిదేళ్లు. ఆవిడకు 'ఊర్మిళాదేవి నిద్ర' మొత్తం వచ్చు. లక్ష్మణుడు అడవుల్లో ఉన్న పధ్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోవడం, ఆయన తిరిగొచ్చి లేపితే ఆనవాలు పట్టలేక ఎవరో పరాయివాడనుకుని హడలిపోవడం, ఆ కథంతా పాట. అచ్చులో దొరకదని కాదు, దొరుకుతుంది. కాని అత్తగారు పాడేది వాళ్లమ్మమ్మ దగ్గర నేర్చిన పాఠం. అచ్చులో లేని చరణాలు అందులో ఉన్నాయి. ఎమ్మే చదివిన కోడలు ఇంట్లో ఉండి ఆ పాట ఆవిడతోనే పోతే ఎలాగ?

ఫోనులో పట్టుకోవచ్చు గదా అంటారు. పట్టి చూశాను. ఫోను ఎదుట పెడితే ఆవిడ గొంతు సవరించుకుని, "ఇప్పుడు రాదే అమ్మాయ్" అంటారు. ఆ పాట అలా రాదు. పక్కన కూచోవాలి. పప్పు ఏరుతూనో, వత్తులు చేస్తూనో ఏదో మాట్లాడాలి. మధ్యలో ఒక చరణం దానంతట అదే వస్తుంది. అది ఇంకోదాన్ని లాగుతుంది. గొలుసు తెగితే మళ్లీ మొదటికి పోవాలి. నేను పది నిమిషాల్లో లేచిపోయేదాన్నని తెలిస్తే ఆవిడ మొదలే పెట్టరు. ఇటీవల ఒక చరణమే రెండుసార్లు పాడుతున్నారు. కిందటేడు పాడిన రెండు చరణాలు ఈ ఏడు పాడలేదు. వయసుతో వచ్చేదే, మందు లేదన్నారు డాక్టరుగారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం వారు కబురు చేశారు. ఆదివారాలు పొద్దున నాలుగు గంటలు తెలుగు చెప్పాలి, నెలకు పన్నెండు వేలు ఇస్తాం అన్నారు. మా యాజమాన్యం అభ్యంతరం లేదంది. ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లుంది. మావారు పుస్తకం తెరిచి, ఆ పన్నెండు వేలూ అసలుకు జమ చేసుకుంటూ పోతే అప్పు ఎన్నేళ్ల ముందు తీరుతుందో వేసి చూపించారు. కాదనడానికి వీల్లేని లెక్క. అమ్మాయి ఇంటర్లో ఉంది. రేపు ఇంజనీరింగు ఫీజులు ఎదురుగా నిలబడి ఉన్నాయి. మధ్యతరగతి వాళ్ల ఇంట్లో పన్నెండు వేలను వద్దనడమంటే ఇంట్లో వాళ్లందరి తరపునా వద్దనడం. అది చిన్న సంగతేం కాదు.

నేను మూడు రోజులు ఆలోచించాను. నాలుగోరోజు, "ఆ ఆదివారం నాలుగు గంటలూ మీరు నాకివ్వండి" అన్నాను ఆయనతో.

"నేనివ్వడమేమిటి? నీ గంటలు నీవే."

"నావయితే ఆ పూట వంట ఎవరు చేస్తారు?"

ఆయన కాసేపు ఆగి, "ఏడింటి నుంచి పదకొండింటి దాకానా?" అన్నారు. బ్యాంకు మనిషి గదా, గడువు స్పష్టంగా ఉండాలి.

శిక్షణ కేంద్రం వారికి ఈ ఏడు కుదరదని చెప్పాను. వాళ్లు బాధపడలేదు, ఇంకొకరిని చూసుకున్నారు. మొదటి ఆదివారం ఏడుకల్లా అత్తగారి మంచం పక్కన పీట వేసుకు కూచున్నాను. పావుగంటలో మూడుసార్లు, ఆవాలెక్కడ, ఇంగువెక్కడ, ఈ పప్పు కందిపప్పా పెసరపప్పా అని వంటింట్లోంచి ప్రశ్నలు. అత్తగారికి ప్రాణం ఒప్పలేదు. "పాపం, అబ్బాయి చెయ్యి కాల్చుకుంటాడే, నువ్వు లేచి చూడు" అంటూ పాట ఎత్తుకోనే లేదు. ఆ ఆదివారం నాకు దక్కింది ఉప్పెక్కువైన సాంబారు. రెండో ఆదివారం అమ్మాయి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. పోపు చిటపటలు వినబడకపోయేసరికి అత్తగారు కుదుటపడ్డారు. వత్తులు చేస్తూ చేస్తూ, ఊర్మిళ గదిలోకి లక్ష్మణుడు అడుగుపెట్టే చోట అందుకుని, పది గంటల దాకా ఆపలేదు.

నిన్నటికి తొమ్మిది ఆదివారాలు. నోటుపుస్తకంలో ముప్పయ్ ఒక్క పేజీలయ్యాయి. మధ్యలో రెండుచోట్ల ఖాళీలు వదిలాను. ఒకచోట ఆవిడకు మొదటి మాట గుర్తొస్తోంది, రెండో మాట రావడం లేదు. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న మా పిన్నత్తగారికి అది తెలిసి ఉండొచ్చుట. వచ్చే ఆదివారం ఇద్దరినీ ఒకచోట కూచోబెట్టాలి. మావారు ఆ పూట వంట ఆరుగురికి చెయ్యాలి. చెప్పాను. "పులిహోర చేస్తే సరిపోతుంది గదా" అని, చింతపండు ఎంత నానెయ్యాలో అడిగి పాలపుస్తకంలో రాసుకున్నారు.