మాఫీ, కృప

కోలారు బంగారు గనుల్లో తెలుగువాళ్ల చర్చిలో పెరిగిన నాకు ‘కృప’ చిన్నప్పటినుంచీ చెవిన పడిన మాటే. రక్షణ మన పుణ్యకార్యాలకు కూలిగా రాదు, దేవుడు ఊరకే ఇస్తాడు, నమ్మి చేయి చాచడమే మన వంతు అని పాస్టరుగారు చెబుతుంటే తలూపేవాణ్ణి. బి.కాం. చదివి బ్యాంకులో చేరాక ఆ మాట మింగుడుపడలేదు. ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉండాలన్నది మా తొలి పాఠం. ఊరకే వచ్చినదాన్ని ఏ పద్దులో రాయాలి?

2008లో కేంద్ర ప్రభుత్వం రైతు రుణమాఫీ ప్రకటించినప్పుడు నేను కోలారు జిల్లాలో ఒక పల్లె బ్రాంచిలో ఉన్నాను. ఐదెకరాల లోపు రైతులకు గడువు దాటిన పంటరుణాలు పూర్తిగా రద్దయ్యాయి. జాబితా గోడకు అంటించిన రోజున ఒక రైతు వచ్చాడు. అంతకు ముందే ఇల్లాలి కమ్మలు అమ్మి బాకీ తీర్చినవాడు. “కట్టినోడు పిచ్చోడా సార్?” అన్నాడు. నిబంధనలు చదివి వినిపించాను. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న బైబిల్లోనూ ఉంది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని పొద్దున్నుంచీ ఎండలో మాడినవాడికీ, సాయంత్రం ఒక్క గంట పనిచేసినవాడికీ ఒకే దేనారం ఇస్తాడు. దేనారమంటే ఒక రోజు కూలి. పొద్దుటివాళ్లు సణుగుతారు. గనిలో షిఫ్టు కూలి చేసిన మా నాన్నగారికి మాత్రం అందులో అన్యాయం కనపడలేదు. “సాయంత్రందాకా పని దొరకనివాడి ఇంట్లోనూ పిల్లలుంటారు కదరా” అనేవారు.

మా బ్యాంకు భాషలో రైటాఫ్ వేరు, మాఫీ వేరు. రైటాఫ్ చేసినా బాకీదారు బాకీదారే, వసూలు ఆగదు. మాఫీతో బాకీ తీరిపోతుంది. అయితే ఎవరో ఒకరు కట్టందే తీరదు. 2008లో ఆ సొమ్ము ప్రభుత్వం బ్యాంకులకు చెల్లించింది. కృప కూడా పుచ్చుకున్నవాడికే ఉచితం. సిలువ మీద మరొకరు చెల్లించారన్నదే క్రైస్తవ విశ్వాసం. పద్దు అక్కడ ఉంది.

మాఫీ అలవాటైతే రేపు ఎవరు కడతారని మా ఆఫీసర్లు అనేవారు. కృప ఉంది కదా అని పాపం చేస్తూ పోదామా అని పౌలు రోమా పత్రికలో తానే అడిగి, కూడదని తానే చెప్పాడు. ప్రాణం పెట్టి తీర్చినవాణ్ణి ఎరిగినవాడు మళ్లీ అప్పుకు తెగించడని దాన్ని నేను అర్థం చేసుకున్నాను.

2001లో గనులు మూతపడ్డాక మా తమ్ముడు తాగుడులో పడ్డాడు. చేతికందింది అమ్మేశాడు. అమ్మ మందులకూ, వాడి బాకీలకూ ఏళ్ల తరబడి కట్టింది నేను. ఆఖరి నెలలో ఆసుపత్రి మంచం మీద వాడు ప్రభువును పిలిచాడు. భూస్థాపన అయిన రాత్రి అమ్మ అడిగింది: “వాడూ మీ నాన్న ఉన్నచోటికే పోయుంటాడా?”

“పోయాడమ్మా” అన్నాను.

తప్పిపోయిన కుమారుని కథలో అన్న అలిగి గుమ్మం బయట నిలబడతాడు. దూరాన తమ్ముణ్ణి చూసి పరుగెత్తిన తండ్రే అన్నకోసమూ బయటికొచ్చి బతిమాలతాడు. అన్న లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. నా మటుకు నేను వెళ్లాను. కాకపోతే ఆ గుమ్మం రోజూ దాటవలసి వస్తోంది.