ఊలు మేజోళ్ళు, పత్తి చేతులు

మా ఇంట్లో తరతరాలుగా తెలిసింది పత్తి నూలే. తాతలు తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది మగ్గం పని. తూర్పు భాగంలో మనవాళ్ళ గల్లీల్లో నేను వింటూ పెరిగింది చద్దర్ల మగ్గాల చప్పుడు. ఊలు సంగతి మాకెవరికీ తెలియదు. అది కురుమల పని, గొంగడి పని అనేవాడు బాపు.

పోయిన చలికాలం ఆయనకు ఊలు మేజోళ్ళు అల్లుతానన్నాను. పుణేలో మా ఇల్లంతా టైల్స్, పొద్దున్నే ఆయన పాదాలు మంచు ముక్కల్లా ఉంటాయి. "మార్కెట్ల దొరకయా?" అన్నాడు. దొరుకుతాయి. కానీ నాకు కావలసింది మేజోళ్ళు మాత్రమే కాదు. ముప్పై ఏళ్ళకు పైగా నూలు చిలపలకు రంగు వేసిన మనిషి, పుణే వచ్చాక ఆ పని ఊసే ఎత్తలేదు. తాత ఏం చేసేవాడని అడిగితే నా పిల్లలు మరాఠీలో ఒక్క వాక్యం చెబుతారు, అంతే.

తెల్ల దారం 100 గ్రాములు తెచ్చాను, ఒక జతకు సరిపోతుంది. అందులో 75 పాళ్ళు ఊలు, 25 పాళ్ళు నైలాన్. నైలాన్ లేకపోతే మడమ దగ్గర తొందరగా అరుగుతుంది. బాపు మొదట అడిగింది సోడా ఏదని. పత్తికి రంగు పట్టాలంటే సోడా, ఉప్పు ఉండాలి, అది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. కానీ ఊలు వెంట్రుక, మన జుట్టు లాంటిదే. ఘాటైన సోడాలో పాడవుతుంది, దానికి పులుపు కావాలి. నేను వెనిగర్ సీసా తీస్తే వాసన చూసి, "ఇది రంగు పనా, పచ్చడి పనా?" అన్నాడు.

ఎర్ర యాసిడ్ రంగు 1 గ్రాము వేడినీళ్ళలో కలిపి, నానబెట్టిన చిలపను వదిలాం. (ఆ గిన్నె ఇక వంటింట్లోకి రాదు.) పొయ్యి సన్నగా పెట్టాను, నీళ్ళు తెర్లకూడదు. పత్తి చిలపనైతే బాపు కర్రకు వేసి తిప్పి, పిండి, దులిపేవాడు. ఊలును వేడిలో అలా నలిపినా, వేడి నుంచి గభాలున చల్లనీళ్ళలో ముంచినా పోగులు ముడుచుకుని అట్టకట్టిపోతుంది. చెబితే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మాత్రం గిన్నె మీదే.

అరగంట దాటాక ఆయనే వంగి, గరిటెతో నీళ్ళు తీసి చూశాడు. తేటగా ఉన్నాయి, రంగంతా ఊలు తాగేసింది. "మా దగ్గర ఎన్నిసార్లు కడిగినా ఎర్రనీళ్ళు పారేవి బిడ్డా" అన్నాడు. గిన్నె దానంతటదే చల్లారాక చిలప పైకి తీస్తే చక్కటి కుంకుమ ఎరుపు. చిక్కుపడకుండా దానికి నాలుగు చోట్ల పత్తి దారం కట్టాను. ఆ కట్లు మాత్రం ఇంచుమించు తెల్లగానే ఉన్నాయి! అదే గిన్నె, అదే రంగు, పత్తికి పట్టనే లేదు. బాపు చాలాసేపు నవ్వాడు. "మనోళ్ళు మాట వినలే" అన్నాడు.

అల్లిక నాకు పాత అలవాటే. రెండున్నర మిల్లీమీటర్ల సూదుల మీద 64 కుట్లు, గుండ్రంగా. మడమ దగ్గర మాత్రం సగం, అంటే 32 కుట్లు పక్కన పెట్టి, మిగతా సగం మీదే ముందుకీ వెనక్కీ అల్లాలి. అక్కడ బాపు ఆపాడు. "పడుగేది? పేకేది?" రెండూ లేవు, ఒక్కటే దారం తనలో తనే ఉంగరాలుగా దూరుతుందని చూపించాను. లాగి చూశాడు. సాగింది, వదిలితే మళ్ళీ సర్దుకుంది. "బట్ట ఇట్ల సాగితే మా సేటు వాపస్ పంపేటోడు" అన్నాడు. అది మెచ్చుకోలని నేను అనుకున్నాను.

మర్నాడు ఆయన ఆ నాలుగు తెల్ల కట్లు వేలికి చుట్టుకుని వచ్చి, "వీటికి సోడా పెట్టి చూపిస్త, ఆ రంగు వేరే. పిల్లల్ని పిలువు" అన్నాడు. ఆదివారం బాల్కనీలో కూర్చోబెట్టి చిలప, ఆసు, కండె, గంజి అంటూ ఒక్కొక్క మాటా విప్పాడు. మా పెద్దది నోటుబుక్కులో రాసుకుంది, నాగరి లిపిలో. దానికి తెలుగు అక్షరాలు రావు.

రెండో మేజోడు ఇంకా మడమ దగ్గరే ఉంది.